మబ్బులో దారి చెప్పే ఆరు గడియారాలు

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మా కల్వకుర్తి హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దిక్కున, పట్నానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో వుంది. దక్షిణాది నుంచి శంషాబాదుకు వచ్చే విమానాలు మా ప్రాంతపు ఆకాశంలో కనిపిస్తూ వుంటాయి. ఒకప్పుడు ఆ చప్పుడు వింటే పిల్లలు వాకిట్లోకి పరుగెత్తి చేతులు వూపేవారు. ఇప్పుడు ఇంటర్మీడియట్ చదివే పిల్లలు "దాన్ని నడపాలంటే ఏం చదవాలి?" అని అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో ఆడపిల్లలూ వున్నారు. పట్నంలో మీ ఇళ్ళలోనూ యీ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చే వుంటుంది.

పిల్ల అలా అడగ్గానే తల్లి నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "అమ్మో, నీకంత ధైర్యం ఎక్కడిదే?" అని. విమానం నడపటమంటే గుండె ధైర్యంతో చేసే పని అని మనమంతా అనుకుంటాం. నేను యీ రోజు చెప్పదలచుకున్నది వేరు. పైలట్‌కు మొదట నేర్పేది ధైర్యం కాదు, ఒక అలవాటు. తన శరీరం చెప్పేదాన్ని పక్కన పెట్టి, ఎదురుగా వున్న ముళ్ళు చెప్పేదాన్ని నమ్మటం. ఆ ముళ్ళను కూడా ఒకదానితో మరొకటి సరిచూసుకోవటం. యీ అలవాటుకు ఆడా మగా తేడా లేదు.

తేడా లేదని మన హైదరాబాదు చాలాకాలం కిందటే చూసింది. 1936లో లాహోరులో సరళా థక్రాల్ చీర కట్టుకునే జిప్సీ మాత్ అనే చిన్న విమానాన్ని ఒంటరిగా నడిపింది. అప్పటికి ఆమె 21 ఏళ్ళ ఇల్లాలు, చిన్నపాప తల్లి. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌కు ఎన్నో కంపెనీలు వుద్యోగం ఇవ్వమన్నాయి. చివరికి ఇచ్చింది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట కేంద్రంగా నడిచిన ఆ సంస్థ 1953లో జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయింది. 2016 జూన్ 18న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో భావనా కంఠ్, అవనీ చతుర్వేది, మోహనా సింగ్ మన దేశపు మొదటి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా పట్టా అందుకున్నారు. దుండిగల్ ఎక్కడో కాదు, మేడ్చల్ పక్కనే.

సరే, విమానం అసలెలా ఎగురుతుంది? ఎప్పుడైనా బస్సు కిటికీ దగ్గర కూర్చుని అరచేయి చాపారా? చేయి బయట పెట్టవద్దని పెద్దలు కోప్పడేవారు, అది న్యాయమే. కానీ చిన్నప్పుడు ఒక్కసారైనా చేసే వుంటాం. అరచేయి ముందంచును కాస్త పైకి వంచితే గాలి చేతిని పైకి తోస్తుంది. విమానపు రెక్క చేసేదీ దాదాపు అదే. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కను పైకెత్తుతుంది. మొత్తం మీద నాలుగు బలాలు వుంటాయి. ఇంజను ముందుకు లాగుతుంది. గాలి అడ్డుపడి వెనక్కి పట్టుకుంటుంది. రెక్క పైకెత్తుతుంది. బరువు కిందికి లాగుతుంది. యీ నాలుగూ సరితూగినప్పుడు విమానం ఒకే ఎత్తులో, ఒకే వేగంతో నిలకడగా పోతుంది.

అదే అరచేతిని మరీ నిటారుగా ఎత్తితే? పైకి లేవదు సరికదా, వెనక్కి కొట్టుకుపోతుంది. రెక్క కూడా అంతే. ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్కను అంటిపెట్టుకుని పారదు, పైకెత్తే బలం ఒక్కసారి పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవటం కాదిది, రెక్క పని మానేయటం. అప్పుడు పైలట్ చేయవలసింది ముక్కును కిందికి వంచటం. పడిపోతున్నప్పుడు ఇంకా కిందికి వంచాలంటే ఎవరికైనా మనసొప్పుతుందా? అందుకే గురువు పక్కన కూర్చుని, చాలినంత ఎత్తులో, మళ్ళీ మళ్ళీ చేయించి చేతికి అలవాటు చేయిస్తాడు.

ఇక్కడే తెలుస్తుంది చూడండి, గాలిలో మనిషి సహజబుద్ధి ఎంత తప్పుదారి పట్టిస్తుందో. అన్నిటికంటే ఎక్కువగా తప్పు చెప్పేది మన చెవి. చెవి వినటానికే కాదు, శరీరం నిలకడ తెలుసుకోవటానికి కూడా. లోపల సన్నని మూడు వంపు గొట్టాలు, వాటిలో ద్రవం వుంటాయి. అదెలా మోసపోతుందో మీ వంటింట్లోనే చూడవచ్చు. గుండ్రని గిన్నెలో నీళ్ళు పోసి, పైన చిటికెడు పసుపు చల్లండి. గిన్నెను మెల్లగా తిప్పటం మొదలుపెట్టండి. గిన్నె తిరుగుతుంది, పసుపు తేలే నీళ్ళు మొదట కదలవు. తిప్పుతూనే వుంటే కాసేపటికి నీళ్ళూ గిన్నెతోపాటే తిరుగుతాయి. ఇప్పుడు గిన్నెను ఆపేయండి. గిన్నె ఆగింది, నీళ్ళు ఆగవు.

చెవిలో ద్రవమూ అంతే. విమానం ఒక పక్కకు మెల్లగా ఒరిగి తిరుగుతూ వుంటే, కాసేపటికి ఆ ద్రవం కూడా సర్దుకుంటుంది. "తిన్నగా పోతున్నాం" అని చెవి చెబుతుంది. పైలట్ విమానాన్ని నిజంగా తిన్నగా చేస్తే, "అయ్యో, అవతలి పక్కకు ఒరిగిపోతున్నాం" అంటుంది. నేల కనబడుతున్నంతసేపు కళ్ళు చెవిని సరిదిద్దుతాయి. ఆకాశమూ నేలా కలిసే గీత కనబడితే చాలు. మబ్బులో దూరినా, చీకట్లో సముద్రం మీదికి పోయినా ఆ గీత వుండదు. అప్పుడిక చెవి చెప్పిందే వేదం అనిపిస్తుంది.

దీని మీద అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు 1954లో ఒక ప్రయోగం చేశారు. మబ్బులో నడపటం నేర్వని 20 మందిని తీసుకుని, బయట ఏమీ కనబడకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. ఎంతసేపటికి? సగటున 178 సెకన్లకు. అంటే మూడు నిమిషాలు కూడా కాదు. అందులో గురువు పక్కన వున్నాడు గనుక ఎవరికీ ఏమీ కాలేదు. అయితే ప్రయోగం అక్కడితో ఆగలేదు. అదే మనుషులకు పరికరాలు చూసి మెల్లగా వెనక్కి తిరిగి రావటం నేర్పి, మళ్ళీ పరీక్షించారు. ఈసారి దాదాపు అన్ని ప్రయత్నాల్లోనూ క్షేమంగా బయటపడ్డారు. మనుషులు మారలేదు, వాళ్ళ ధైర్యమూ మారలేదు. మారింది అలవాటు ఒక్కటే.

మరి ఆ పరికరాలు ఏమిటి? శిక్షణ విమానంలో పైలట్ కళ్ళెదుట రెండు వరుసల్లో, వరుసకు మూడు చొప్పున ఆరు గుండ్రని గడియారాలు వుంటాయి. కొత్త విమానాల్లో వీటి బదులు టీవీ తెరవంటివి వచ్చాయి. కానీ తెర మీద చూపించేదీ యీ ఆరు సంగతులే.

యీ ఆరింటిలో మూడు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. మొదటిది ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్, వేగం చెప్పేది. రెక్క కింద ముందుకు చూస్తూ ఒక సన్నని గొట్టం వుంటుంది, దాని పేరు పిటో ట్యూబ్. ఎదురుగాలి అందులో ఎంత గట్టిగా దూరుతుందో దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. ముఖం మీద రంగులు వేసి వుంటాయి. ఆకుపచ్చ మామూలు వేగం. పసుపుపచ్చ ప్రశాంతమైన గాలిలో మాత్రమే పోదగిన వేగం. ఎర్రగీత ఎన్నడూ దాటరానిది. ఆకుపచ్చ కింది చివరకు వచ్చారంటే స్టాల్ దగ్గరపడిందన్నమాట.

రెండవది ఆల్టిమీటర్, ఎత్తు చెప్పేది. ఊటీకో కొడైకెనాల్‌కో పోయినప్పుడు చిప్స్ ప్యాకెట్ బాగా ఉబ్బిపోవటం చూసే వుంటారు. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి ప్యాకెట్‌ను ఉబ్బిస్తుంది. ఆల్టిమీటర్‌లో వున్నది కూడా అలా ఉబ్బే ఒక చిన్న లోహపు డబ్బీయే. అది ఉబ్బినకొద్దీ ముల్లు పైకి జరుగుతుంది. అయితే ఒక చిక్కు వుంది. గాలి ఒత్తిడి ఎత్తునుబట్టే కాదు, వాతావరణాన్నిబట్టి కూడా మారుతుంది. "బంగాళాఖాతంలో అల్పపీడనం" అని రేడియోలో ఎన్నిసార్లు వినలేదు? ఆ అల్పపీడనమే ఆల్టిమీటర్‌ను మోసగిస్తుంది. అందుకే బయలుదేరేముందు పైలట్ అక్కడి ఆనాటి ఒత్తిడి అంకెను కంట్రోల్ టవర్‌ను అడిగి, మరతిప్పి సరిచేసుకుంటాడు. సరిచేశాక నేల మీద నిలబడి వున్న విమానంలో ముల్లు బేగంపేటలోనైతే సుమారు 1740 అడుగులు, శంషాబాదులోనైతే సుమారు 2020 అడుగులు చూపాలి. ఆయా చోట్ల నేల సముద్రమట్టానికి వున్న ఎత్తది. ఒత్తిడి అంకెలో పది తేడా వుంటే ఎత్తులో దాదాపు 300 అడుగుల తేడా వస్తుంది. కొండల మీదుగా మబ్బులో పోయేవాళ్ళకు 300 అడుగులంటే ప్రాణమే గదా!

మూడవది వర్టికల్ స్పీడ్ ఇండికేటర్. నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతున్నాం, ఎన్ని అడుగులు దిగుతున్నాం అని చెబుతుంది. మంచిదే కానీ కాస్త బద్ధకస్తురాలు. జరిగిన కొన్ని సెకన్లకు గాని సరైన అంకె చెప్పదు.

మిగతా మూడు బొంగరంతో పనిచేస్తాయి. మన పిల్లలు ఆడే బొంగరం జోరుగా తిరుగుతున్నంతసేపు పక్కకు పడదు, తన నిలువును వదలదు. జైరోస్కోప్ అంటే అదే. చుట్టూ విమానం ఎటు ఒరిగినా లోపలి చక్రం తన నిలకడను పట్టుకునే వుంటుంది. దాని సాయంతో ఆటిట్యూడ్ ఇండికేటర్ ఒక చిన్న బొమ్మ చూపిస్తుంది. పైన నీలం ఆకాశం, కింద గోధుమరంగు నేల, మధ్యలో తెల్లగీత. మబ్బులో కనబడకుండా పోయిన గీత ఇక్కడ కనబడుతుందన్నమాట. ఆరింటిలో నడిబొడ్డున, పై వరుసలో వుండేది ఇదే. దాని కింద హెడింగ్ ఇండికేటర్, దిక్కు చెబుతుంది. అది మెల్లమెల్లగా పక్కకు జరిగిపోతూ వుంటుంది గనుక పావుగంటకోసారి అయస్కాంత దిక్సూచితో సరిచేసుకోవాలి. ఆరవది టర్న్ కోఆర్డినేటర్, ఎంత తొందరగా తిరుగుతున్నామో చెబుతుంది. దాని అడుగున తాపీమేస్త్రి రసమట్టం లాంటి వంపు గొట్టంలో ఒక నల్లని గోళీ వుంటుంది. గోళీ నడుమ వుంటే మలుపు సవ్యంగా వున్నట్టు.

ఇందులో ఒక జాగ్రత్త గమనించండి. చాలా శిక్షణ విమానాల్లో ఆటిట్యూడ్ ఇండికేటర్‌ను ఇంజను తిప్పే గాలి పంపు నడిపితే, టర్న్ కోఆర్డినేటర్‌ను కరెంటు నడుపుతుంది. ఒకటి చెడినా రెండోది పనిచేయాలని. ఇంట్లో కరెంటు పొయ్యి వున్నా గ్యాసు సిలిండరు వుంచుకుంటాం గదా, అదే పద్ధతి.

ఇంతవరకు వినేసరికి, "అయితే ముళ్ళను నమ్మితే సరిపోతుందన్నమాట" అనుకుంటారేమో. సరిపోదు. ముళ్ళు కూడా తప్పు చెప్పవచ్చు. 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయికి బయలుదేరిన ఎయిర్ ఇండియా 'ఎంపరర్ అశోక' విమానం రెండు నిమిషాలైనా కాకముందే బాంద్రా ఎదుట సముద్రంలో పడిపోయింది. 213 మందిలో ఒక్కరు కూడా మిగల్లేదు. రాత్రివేళ, ఎదుట చీకటి సముద్రం, కళ్ళకు గీత లేదు. కెప్టెన్ ముందున్న ఆటిట్యూడ్ ఇండికేటర్ చెడిపోయి, విమానం కుడికి ఒరిగి వుందని చూపించింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకు తిప్పుతూ పోయాడు. మిగతా పరికరాలను ఆసరా చేసుకుని విమానాన్ని అదుపులోకి తెచ్చుకోలేకపోయారని విచారణలో తేలింది. అనుభవం లేని మనుషులు కారు వాళ్ళు. ఒక్క ముల్లును నమ్మటం ఎంత ప్రమాదమో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇంకో రెండు సంగతులు వినండి. రెండూ 1996లోనే జరిగాయి. ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక విమానం లేచిన కాసేపటికే సముద్రంలో కూలి 189 మంది పోయారు. వేగం చెప్పే పిటో ట్యూబ్ మూసుకుపోయింది. అందులో కుమ్మరి పురుగు మట్టిగూడు పెట్టి వుంటుందని విచారించినవారు భావించారు. విమానం చాలా రోజులు కదలకుండా నిలిచి వుంటే ఆ గొట్టానికి కప్పవలసిన తొడుగు కప్పలేదు. మన తలుపు సందుల్లో, కరెంటు ప్లగ్గు రంధ్రాల్లో మట్టి కూరే పురుగులాంటిదే అది! అక్టోబరులో పెరూలో ఇంకొకటి. విమానాన్ని కడిగి తుడిచేటప్పుడు నీళ్ళు పోకుండా, బయటి ఒత్తిడి తెలిపే రంధ్రాలకు టేపు అంటించారు. పని అయ్యాక తీయటం మరిచారు. రాత్రిపూట సముద్రం మీద ఎత్తూ వేగమూ రెండూ తప్పు చూపిస్తుంటే పైలట్లు ఏది నమ్మాలో తెలియక తల్లడిల్లారు. 70 మంది పోయారు. అందుకే విద్యార్థి పైలట్‌కు మొదటి రోజు నుంచే, ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి, ఆ గొట్టాన్నీ ఆ రంధ్రాలనూ కళ్ళతో చూసి, చేత్తో తడిమి రమ్మని నేర్పుతారు. నిన్న బాగానే వుంది గదా అనటం అక్కడ చెల్లదు.

ఎక్కడో దేశాల సంగతి ఎందుకు, మా చుట్టుపక్కలకే వస్తాను. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు, మా దక్షిణాన కృష్ణకు ఆవల, నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర కూలింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో సహా ఐదుగురూ మరణించారు. వాన, దట్టమైన మబ్బు. విచారణ సంఘం చెప్పినదాన్నిబట్టి, ఒక ఆయిల్ ఒత్తిడి హెచ్చరిక రావటంతో దానికేం చేయాలో పుస్తకంలో వెదకటంలో కొన్ని విలువైన నిమిషాలు గడిచిపోయాయి. అంతలో బలమైన దిగుడుగాలిలో చిక్కి అదుపు తప్పింది. నల్లమల మబ్బు ఎంత తొందరగా కమ్ముతుందో అచ్చంపేట, అమ్రాబాదు వైపు వాళ్ళను అడిగితే చెబుతారు. 2022 ఫిబ్రవరి 26న మా పక్క నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి, నడుపుతున్న విద్యార్థిని చనిపోయింది. ఇవి మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పటం లేదు. దాచి చెబితే తల్లులకు మేలు చేసినట్టు కాదు గనుక చెబుతున్నాను.

మరి పైలట్ ఏం చేయాలి? కళ్ళను ఒకచోట నిలపకూడదు. నడుమనున్న ఆటిట్యూడ్ ఇండికేటర్ చూడాలి, వేగం చూడాలి, మళ్ళీ నడుమకు రావాలి. ఎత్తు చూడాలి, మళ్ళీ నడుమకు. దిక్కు, మళ్ళీ నడుమకు. ఏదైనా ఒక ముల్లు మిగతావాటితో పొసగకపోతే అనుమానించాలి. ముక్కు పైకుందని ఒకటి చెబుతూ, ఎత్తు తగ్గుతోందని ఇంకొకటి, వేగం పెరుగుతోందని మరొకటి చెబితే, మొదటిది అబద్ధమాడుతున్నదేమో! ముగ్గురు సాక్షుల మాట విని న్యాయం చెప్పినట్టన్నమాట. ఒకవైపు పాలు పొంగుతున్నాయేమో చూస్తూ, కుక్కరు విజిళ్ళు లెక్కపెడుతూ, పోపు మాడకుండా కలుపుతూ, బడికి పోయే పిల్ల జడ వేసే మనకు యీ చూపు కొత్తదా? హెచ్చరిక దీపం ఏది వెలిగినా, ముందు విమానాన్ని నిలకడగా పట్టుకోవటం, తర్వాత దారి చూసుకోవటం, ఆ తర్వాతే రేడియోలో మాట్లాడటం అని వరుస నేర్పుతారు. యీ వరుస తప్పినచోటే చాలా ప్రమాదాలు జరిగాయి.

ఇక మీ అమ్మాయి పైలట్ అవుతానంటే తెలుసుకోవలసినవి చెబుతాను. విద్యార్థి పైలట్ లైసెన్సుకు 16 ఏళ్ళు, వాణిజ్య పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి. వైద్యపరీక్ష వుంటుంది. కళ్ళద్దాలు వున్నంత మాత్రాన అనర్హత అనుకోవద్దు, నిర్ణీత పరిమితి లోపల వుంటే చాలు. 200 గంటలు ఎగరాలి. వాటిలో 100 గంటలు తనే బాధ్యురాలిగా నడపాలి. వాతావరణం, దారి లెక్కలు, విమాన నియమాలు, యంత్రం సంగతులు రాతపరీక్షల్లో నెగ్గాలి. ఖర్చు మాత్రం లక్షలకు లక్షలు, అందులో సందేహం లేదు. మన దేశంలో పైలట్లలో నూటికి సుమారు 15 మంది స్త్రీలని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ప్రపంచ సగటు అందులో మూడో వంతు మాత్రమే.

శిక్షణ కేంద్రానికి పోయినప్పుడు ఫీజు ఎంత, వుద్యోగం వస్తుందా అని మాత్రమే అడిగి రాకండి. ఇవి కూడా అడగండి. బయట కనబడకుండా చేసి పరికరాలతో నడపటం ఎన్ని గంటలు నేర్పుతారు? ఒక గడియారాన్ని కావాలని మూసేసి మిగతావాటితో నడిపిస్తారా? విమానాల మరమ్మతుల రికార్డు చూపిస్తారా? వాతావరణం బాగాలేదని విద్యార్థి ఎగరటం మానుకుంటే మెచ్చుకుంటారా, కోప్పడతారా? యీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు వాళ్ళ ముఖం చూడండి. మబ్బు చూసి "ఇవాళ వద్దు" అనగలిగిన పిల్లను పిరికిది అనేచోట మీ అమ్మాయిని చేర్పించకండి.

ఇంటికొచ్చాక అమ్మాయితో కూడా ఒక మాట చెప్పండి. "నీకు అనిపించింది వేరు, వున్నది వేరు కావచ్చు. సరిచూసుకున్నాకే చేయి కదుపు" అని. ఆ మాట వినగలిగిన పిల్ల విమానం నడపగలదు. ఆ మాట చెప్పటానికి తల్లికి విమానశాస్త్రం రానక్కరలేదు.